తలుపు కింద నీడ

అత్తగారు రాత్రి పక్కలోనే పోసుకుని తడిపిన దుప్పట్లు బుట్టలో వేసుకుని, కింద అందరూ బట్టలుతుక్కునే గదికి వెళ్దామని బయల్దేరిన మార్యుత్ తలుపు దగ్గరే ఆగిపోయింది. మెట్ల మీద ఎవరో వస్తున్నారు. వాళ్లు దాటిపోయేదాకా బయటికి రాకపోవడం ఫిన్లాండ్‌లోని ఈ కువోపియో ఊళ్లో అందరూ చేసేదే. ఆమెకి మాత్రం ఇంకో భయం ఉంది, ఆ దుప్పట్ల వాసన. "మా అమ్మ సంగతి గడప దాటకూడదు" అన్నాడు భర్త ఇల్పో, ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన రోజే. తెచ్చింది అతను, ఎత్తిపోసేది ఈమె. "నీదేమంత పెద్ద ఉద్యోగమని" అంటూ లైబ్రరీలో పని కూడా మాన్పించాడు.

అప్పట్నుంచీ ఆమె మనసు విప్పేది ఫోన్‌లోనే. ముసలివాళ్లని చూసుకునే ఆడవాళ్ల గ్రూప్ అది. అక్కడ అసలు పేర్లుండవు. అందులో పిచ్చుక అనే ఆవిడతో మార్యుత్ చెప్పుకోనిది లేదు. అత్తగారు తనని పనిమనిషనుకుని తిట్టడం, ఆ తిట్లు వినపడకుండా మొగుడు టీవీ సౌండ్ పెంచుకోవడం, అన్నీ.

బయట ధబ్బున చప్పుడైంది. బంగాళాదుంపలు మెట్ల మీద దొర్లాయి. తర్వాత మూలుగు. పై ఇంటి సిర్పా గొంతు. మార్యుత్ చెయ్యి గడియ మీదకి వెళ్లింది. బుట్టలోంచి కంపు గుప్పుమంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మూలుగు కుంటుకుంటూ పైకి పోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది.

సాయంత్రం పిచ్చుక రాసింది: "ఇవాళ మెట్ల మీద పడ్డాను. ఒక తలుపు కింద సందులో కాళ్ల నీడ కనిపించింది. ఆ మనిషి తలుపు తీయలేదు. దెబ్బ కంటే అదే నొప్పిగా ఉంది. బంగాళాదుంపలన్నీ ఒక్కదాన్నే ఏరుకున్నాను."

మొదటి మూడు ముక్కలు చదవగానే, అలవాటుకొద్దీ "ఎంత రాతిగుండె మనిషి" అని టైప్ చేయడం మొదలుపెట్టింది మార్యుత్. బంగాళాదుంపల దగ్గర వేళ్లు ఆగిపోయాయి. చెవులదాకా మండింది. గదిలో ఎవరూ లేకపోయినా రెండు చేతులతో మొహం కప్పుకుంది. తనని ఓదార్చిన మనిషి తన గడప ముందే పడితే, తను వాసన దాచుకుంది.

లేచి కోటు వేసుకుంది.

"ఎక్కడికి? అమ్మకి జావ పెట్టే టైమైంది" అన్నాడు ఇల్పో.

"గిన్నె పొయ్యి మీదుంది. నువ్వు పెట్టు."

పైకెక్కి బెల్లు నొక్కింది. మోకాలికి కట్టుతో సిర్పా తలుపు తీసింది. మార్యుత్ తలెత్తలేకపోయింది.

"ఇవాళ తలుపు వెనకున్నది నేనే. గ్రూపులో మీతో రోజూ మాట్లాడేదీ నేనే."

సిర్పా పక్కకి జరిగి దారిచ్చింది.

"తెలుసు. మీ అత్తగారి అరుపులు నేలలోంచి వినిపిస్తాయి. ఆ వెంటనే మీరు రాసేది ఫోన్‌లోకి వస్తుంది. ఏడాదిగా తెలుసు. నేను మాత్రం ఒక్కసారైనా కిందికి దిగొచ్చి మీ తలుపు కొట్టానా?"