తన పేరు పెట్టిన గిటారు

బ్యాండులో అందరూ ఆమెను పుర్ర అని పిలిచేవారు. పుర్రచేతి వాటం, అంటే ఎడమచేతి వాటం మనిషి కనుక ఆ పేరు. మొదటి కచేరీకి పోస్టరు వేసిన ప్రెస్సువాడు అది అచ్చుతప్పనుకుని 'పుర్రె' అని దిద్ది, పక్కన ఒక కపాలం బొమ్మ కూడా వేసిపెట్టాడు. జనానికి అది తెగ నచ్చింది. రాక్ సంగీతానికి తగ్గ పేరన్నారు. ఆమె మాత్రం ప్రెస్సుకు వెళ్ళి, నన్నడక్కుండా ఎందుకు దిద్దావని అరగంటసేపు వాణ్ణి నిలదీసి వచ్చింది.

అలాంటి దిద్దుబాట్లు ఆమెకు కొత్త కాదు. పదేళ్ళ వయసులో పెదనాన్న అటక మీదనుంచి దించి ఇచ్చిన పాత గిటారు కుడిచేతివాళ్ళది. ఆమె దాన్ని తిరగేసి పట్టుకుంది. పైనుండాల్సిన లావు తీగ కిందికి పోయింది, కిందుండాల్సిన సన్న తీగ పైకి వచ్చింది. సంగీతం మాస్టారు చూసి, అందరిలా పట్టుకుంటేనే పాఠం, లేదంటే ఇంటికి పొమ్మన్నాడు. ఆమె ఇంటికే పోయింది. రెండేళ్ళపాటు వంటింటి గుమ్మంలో కూర్చుని, తలకిందులైన తీగల మీదే సొంతంగా నేర్చుకుంది. పెదనాన్నకు సంగీతం ఓనమాలు కూడా తెలియవు. మోగుతోందిగా, ఇంకేం కావాలి అనేవాడాయన. ఆ వయసులో ఆమెను వెనకేసుకొచ్చిన మనిషి ఆయనొక్కడే.

రెండోది ఎలక్ట్రిక్ గిటారు. షాపు గోడనిండా గిటార్లు వేలాడుతున్నాయి, అందులో ఎడమచేతిది ఒక్కటీ లేదు. అలాంటివి ఎవరూ కొనరమ్మా అన్నాడు షాపతను. ఉంటే కదా కొనేది అంది ఆమె. చివరికి కుడిచేతి గిటారే కొని, తీగలు ఆనుకునే పట్టీని ఒక వడ్రంగి చేత మార్పించి, తీగల వరస తిప్పి వేసుకుంది. తీగలైతే దారికొచ్చాయి గానీ మిగతా గిటారు దారికి రాలేదు. కింద ఉండాల్సిన, శబ్దం పెంచి తగ్గించే నాబ్‌లు పైకి వచ్చి ముంజేతి కింద పడ్డాయి. పాట ఊపందుకున్నప్పుడల్లా చెయ్యి తగిలి శబ్దం పడిపోయేది. వైరు గుచ్చేచోటు మోచేతికి పొడుచుకునేది. విసుగుపుట్టి ఒకరోజు ఆ నాబ్‌లు పీకేసి, కన్నాలకు టేపు అంటించేసింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమె పాటల్లో శబ్దం తగ్గించడమనే మాటే లేదు. పత్రికలవాళ్ళు దాన్ని తిరుగుబాటు అని రాశారు. మోచేతి మీద కమిలిపోయిన మచ్చ సంగతి ఎవరూ రాయలేదు.

మూడోది నిజంగానే ఎడమచేతివాళ్ళకోసం చేసిన గిటారు. తెప్పించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. కుడిచేతివాళ్ళకు పన్నెండు రంగుల్లో దొరికే మోడల్ ఈమెకు ఒకే ఒక్క రంగులో, తడిసిన అట్టపెట్టె రంగులో దొరికింది. ఆ రంగును తిట్టుకుంటూనే దానితో మూడు ఆల్బంలు చేసింది.

ఆమెకు నలభై ఆరేళ్ళప్పుడు ఒక గిటార్ల కంపెనీ కబురుపెట్టింది. ఆమె పేరుతో ఒక గిటారు తయారుచేస్తామని. బ్యాండులో డ్రమ్స్ వాయించే తమ్ముడే ఆమె వ్యవహారాలన్నీ చూసేవాడు. అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆమె అడిగింది ఒక్కటే, ఎడమచేతిదేనా అని. మీ గిటారు కదా మేడమ్, మీ చేతిదే ఉంటుంది అన్నాడు కంపెనీ తరఫున వచ్చిన అధికారి. తమ్ముడు కాగితాల మీద సంతకం పెట్టించాడు.

నాలుగు నెలలు ఆమె ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది. అక్కడి పెద్దమేస్త్రి ఆమె అరచెయ్యి కొలిచి, వేళ్ళు ఎంతదూరం సాగుతాయో చూసి, కర్రను కొంచెం కొంచెంగా చెక్కుతూ వచ్చాడు. కాస్త లావుందని ఆమె అంటే మారుమాట లేకుండా మళ్ళీ ఉలి పట్టేవాడు. నమూనా గిటారు చేతికిచ్చిన రోజున ఆమె మణికట్టు మెలితిప్పకుండానే పై స్వరాలన్నీ అందుకుంది. తిరిగొస్తూ కారులో తన అరచేతినే తిప్పి తిప్పి చూసుకుంది. ఏమైందక్కా అని తమ్ముడు అడిగాడు.

"ఇన్నేళ్ళూ నా చేతిలోనే ఏదో లోపముందనుకున్నాను రా" అంది.

నమూనాను కొలతలకోసం అట్టిపెట్టుకుంటామని, విడుదల రోజున ఇస్తామని కంపెనీవాళ్ళు చెప్పారు.

విడుదలకు వారం ముందు ఇంటికి ఒక పెట్టె వచ్చింది. ముందుగా చూసింది అమ్మ. కళ్ళజోడు సర్దుకుని పెట్టెమీది ఫోటోను తేరిపార చూసింది.

"నీ పుట్టుమచ్చ కుడిబుగ్గ మీదికి ఎప్పుడెళ్ళిందే?"

ఫోటోను తిరగేసి అచ్చువేశారు. అందులో ఆమె చక్కగా కుడిచేత్తో వాయిస్తోంది. పెట్టె విప్పితే లోపలున్నదీ కుడిచేతి గిటారే. మెడమీద ఆమె పేరు వెండిరంగు అక్షరాల్లో మెరుస్తోంది.

తమ్ముడు కంపెనీకి ఫోన్ కలిపి ఏదో నసుగుతుంటే ఆమె లాక్కుంది. ఎడమచేతివాటం వాళ్ళు బహుతక్కువ మంది, షాపులవాళ్ళు తీసుకోరు, అందుకే మొత్తం రెండువేల గిటార్లూ కుడిచేతివే చేయించాం అని అధికారి నింపాదిగా వివరించాడు. కాగితాల్లో ఏ చేతిదో ఎక్కడా రాయలేదట. ఆ తర్వాత ఆమెను సముదాయిస్తున్నట్టుగా ఇంకో మాటన్నాడు.

"అయినా స్టేజీ మీద మీరు వాయించక్కర్లేదు మేడమ్. పట్టుకుని నిలబడితే చాలు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఆరేళ్ళు వాయించి బతికిన మనిషిని పట్టుకుని నిలబడమంటున్నాడు. ఫోన్ పెట్టేసి తమ్ముడి వైపు తిరిగింది. ఒక్కరోజు ఓర్చుకో అక్కా, సంతకం పెట్టేశాం కదా అన్నాడు అతను. నువ్వూ పట్టుకుంటే చాలంటావా అని ఆమె అడిగింది. ఆ వారమంతా ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ మధ్యలో కూర్చుని అటొకటి ఇటొకటి కబుర్లు మోసింది.

విడుదల రోజున ఆమె వెళ్ళింది. హాలునిండా విలేకరులు, కెమెరాలు. అధికారి ఆ కుడిచేతి గిటారే తెచ్చి చేతికిచ్చాడు. ఆమె మైకు దగ్గరికి నడిచింది.

"దీనిమీద నా పేరుంది. దీన్ని నేను వాయించలేను. పెట్టెమీదున్న మనిషి కూడా నేను కాదు. నా పేరు తీసేసి అమ్ముకోండి."

గిటారును కుర్చీలో పెట్టి దిగిపోయింది. మర్నాడు కొందరు మెచ్చుకున్నారు, కొందరు పొగరన్నారు. కంపెనీ ఆమె పేరుమీద ఒక రేకు అంటించి అవే గిటార్లు అమ్మేసింది. వాటిగురించి ఆమెకు బాధలేదు. మేస్త్రి చేసిన ఆ నమూనా మాత్రం మనసులోంచి పోలేదు. మూడు ఉత్తరాలు రాసింది. అది కంపెనీ ఆస్తి అని మూడింటికీ ఒకటే జవాబు. ఆఖరికి మేస్త్రే ఫోన్ చేశాడు. హెడ్డాఫీసులో, కింద హాల్లో, అద్దాల బీరువాలో పెట్టారమ్మా, చూస్తుంటే నాకే కడుపు తరుక్కుపోతోంది అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె కొత్త తీగల కట్ట ఒకటి సంచిలో వేసుకుని అక్కడికి వెళ్ళింది. తమ్ముడు తనంతట తానే కారు తీశాడు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఆమెను గుర్తుపట్టి, ఫోటోకోసమేమో అనుకుని బీరువా తాళం తీసింది.

"ఫ్యాక్టరీలో తీగలు తప్పు వేశారు మేడమ్, ఇక్కడ మావాళ్ళే సరిచేశారు" అంది సంతోషంగా.

ఆమె గిటారును బయటికి తీసింది. సోఫాలో కూర్చుని ఆ ఆరు తీగలూ విప్పేసింది. పట్టీని తన వాటానికి తిప్పుకుంది. కొత్తవి ఒక్కొక్కటే ఎక్కించి, శ్రుతి చేసుకుని వాయించడం మొదలుపెట్టింది. మెట్లమీద గుమాస్తాలు ఆగిపోయారు. కాఫీ తెస్తున్నతను ట్రేతో అలాగే నిలబడ్డాడు. రెండు పాటలయ్యాక అధికారి కిందికి దిగి వచ్చాడు. అది తీసుకెళ్ళడానికి వీల్లేదని, లీగల్‌గా చాలా ఇబ్బంది అవుతుందని గొంతు తగ్గించి చెప్పాడు.

"దీన్ని నా చెయ్యి కొలిచి చేశారు. నా చెయ్యి మీ ఆస్తా?"

ఆమె గిటారు భుజాన తగిలించుకుని తలుపువైపు నడిచింది. గుమ్మం దగ్గరున్న గార్డు అధికారి ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు, తలుపు తీసి పట్టుకున్నాడు.

తమ్ముడు కారు వెనక సీటు ఖాళీచేసి ఉంచాడు. ఆమె గిటారును ఒళ్ళోనే పెట్టుకుంది. రేపోమాపో నోటీసు వస్తుంది అన్నాడు అతను, ఈసారి ప్రతి లైనూ చదివే జవాబిస్తాను అని కూడా అన్నాడు. ఆమె తలూపింది. గెలిచిన సంతోషమేమీ లేదు. తనదాన్ని తాను తెచ్చుకోవడానికి ఇంత గొడవ పడాల్సి వచ్చిందే అన్న కోపం ఇల్లు చేరేదాకా తగ్గలేదు.