తట్టని తలుపు

రేడియోలో పొద్దుట్నుంచీ ఒకటే గోల. చలిగాలీ వానా ముంచుకొస్తున్నాయి, రేకుల ఇళ్లవాళ్లు సాయంత్రంలోపు పేట కమ్యూనిటీ హాలుకు చేరండి, చీకటి పడ్డాక ఎవరూ బయట తిరక్కండి అని. కేప్‌టౌన్ చివర ఖాయెలిత్షాలో ఆ మాట వినని ఇల్లు లేదు. విని కూడా కదలనిది థోబెకా అత్తగారు నోవెలిలే ఒక్కతే.

"లే అత్తా, పోదాం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఎంతసేపని బతిమాలను?"

"ఎక్కడికొస్తానే నేను? ఒంటి మీద ఇవేంటో కనబడ్డంలా?" ముసలామె తన నల్లబట్టలు పట్టి చూపించింది.

మామ పోయి ఇంకా ఏడాది నిండలేదు. నిండేదాకా పెళ్లాం నల్లబట్టల్లోనే ఉండాలి, నలుగురిలో కూర్చోకూడదు, పొద్దుగూకాక గడప దాటకూడదు. పద్ధతి సరే, దానికి కాపలా కాసేవాళ్లతోనే వచ్చింది చావు! మొన్నామధ్య కుళాయి దగ్గర అత్త ఏదో మాటకి ఫక్కున నవ్వితే, పక్కింటి మందీసా "ఏంటమ్మో, అప్పుడే తేలికైపోయాయా నల్లబట్టలు?" అని అందరిముందూ అనేసింది. ఆ రోజు నుంచి ఆవిడ నీళ్లకి కూడా పోలేదు.

"ప్రాణం మీదికొస్తుంటే పద్ధతేంటి అత్తా?"

"ప్రాణం పోతే మీ మామ దగ్గరికి పోతాను. మాట పడితే ఎక్కడికి పోనే? నువ్వెళ్లు. పసివాడికి గాలి తగలనీకు."

కప్పు అప్పుడే దడదడలాడుతోంది. మొగుడు గని పనికి పోయాడు గానీ, ఉంటే తల్లిని భుజాన వేసుకుపోయేవాడు. థోబెకా ఏడుస్తూనే పిల్లాణ్ణి పొదువుకుని పరిగెత్తింది.

హాల్లోకొచ్చాక గుర్తొచ్చింది, పిల్లాడి దుప్పటి మంచం మీదే వదిలేసిందని. వెనక్కి పోబోతే మందీసా తలుపుకి అడ్డం నిలబడింది.

"పిచ్చా నీకు? బయట రేకులు ఎగురుతున్నాయి. ఇంతకీ మీ అత్తేదే?"

"రానంది. నల్లబట్టలట."

మందీసా మొహం తిప్పేసుకుంది. కాసేపయ్యాక తన శాలువా తీసి పిల్లాడికి చుట్టింది.

చీకటి పడ్డాక గాలీ వానా హాలుని పట్టుకుని ఊపేశాయి. వెనక గోడకి ఏదో దబ్బున తగిలింది. ఎవరి ఇంటి రేకో పాపం అనుకున్నారందరూ.

తెల్లారేసరికి తెరిపిచ్చింది. అత్త ఎలా ఉందో చూద్దామని థోబెకా వెనక తలుపు తీసింది. తీసి, అక్కడే నిలబడిపోయింది.

గోడకి ఆనుకుని కూర్చునుంది నోవెలిలే. కణత మీద నెత్తురు గడ్డకట్టింది. కాళ్ల దగ్గర వంకరపోయిన రేకు పడి ఉంది. తలుపు చెయ్యి చాస్తే అందే దూరం. తట్టనే లేదు మహాతల్లి! నలుగురున్న చోటికి రాకూడదని అక్కడే కూర్చుండిపోయింది.

రవిక లోపల ఏదో ఎత్తుగా ఉంటే థోబెకా చెయ్యి పెట్టి తీసింది. పిల్లాడి దుప్పటి. ఎక్కడా తడవలేదు.

వెనకే వచ్చిన మందీసా నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "లోపలికి రాకూడదా అమ్మా! ఎవరేమంటారనుకున్నావే తల్లీ!"

"నువ్వంటావనుకుంది అక్కా," అంది థోబెకా. అరవడానికి కూడా ఓపిక లేదు ఆమెకి. "కాళ్లు పట్టు."

ఇద్దరూ కలిసి ఆమెని ఎత్తి, హాల్లో అందరి మధ్యకీ తెచ్చి పడుకోబెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు.