మా ఆయన ఎంచిన పడవ

ఆంధ్రావాళ్లంటే అందరూ గోదావరి ఒడ్డునే పుట్టి ఉంటారని మన్సూరాబాద్‌లో మా పక్కింటి బిక్షమయ్యకి గట్టి నమ్మకం. అందుకే పడవ కొనాలనుకోగానే తిన్నగా మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"వెంకట్రావన్నా, పడవల సంగతి నీకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది? జర చూసి పెట్టు."

మా ఆయనది మార్కాపురం వైపు. పలకలు దొరికే ఊరే గానీ పడవలు దొరికే ఊరు కాదది. గోదావరి లంకలో పుట్టి, రోజూ పడవెక్కి బడికి వెళ్లినదాన్ని నేను. "సూర్యప్రభా, నువ్వేమంటావు?" అని ఒక్కరడిగితే ఒట్టు. మా ఆయన మాత్రం మీసం దువ్వి, "దానిదేముంది బిక్షమయ్యా, నేనున్నాగా" అన్నారు. నేను వంటింట్లో నవ్వుకుంటూ ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా తప్పే.

ఎందుకంటే వాళ్లకది సరదా కాదు. వాళ్ల సొంతూళ్లో పొలం మూసీ అవతల ఉంది. పోయిన వానాకాలం నడిచి దాటుతూ బిక్షమయ్య భార్య లచ్చమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు మంచంలోనే ఉంది. ఈసారి పడవ తిరగబడిందంటే ఆ కాలుతో నీళ్లలోంచి లేవలేదు.

ఆదివారం నలుగురం ఎల్బీ నగర్ అవతల, అల్యూమినియం పడవలు చేసే బాలరాజ్ షెడ్డుకి వెళ్లాం. అక్కడ రెండున్నాయి. ఒకటి ముక్కు కోసుగా, అడుగు లోతుగా, నీలం రంగు వేసుకుని పెళ్లికొడుకులా ఉంది. రెండోది అడుగు చదునుగా, రంగూ రూపూ లేకుండా బర్రెలకి కుడితి పెట్టే తొట్టిలా ఉంది.

మా ఆయన నీలం దాన్ని పుచ్చకాయని కొట్టి చూసినట్టు మూడుసార్లు కొట్టారు.

"మైలేజ్ ఎంతిస్తుంది?"

"తెడ్డుతోటి నడిచేదానికి మైలేజేంది సార్?" అన్నాడు బాలరాజ్.

"అదేలే. బిక్షమయ్యా, ఇది నీళ్లని కోసుకుంటూ పోతుంది. కళ్లు మూసుకుని తీసుకో."

బిక్షమయ్య అప్పుడే జేబులోంచి కుంకుమ తీసి నీలం పడవకి బొట్టు పెట్టబోతున్నాడు. నాకు ఒళ్లు మండింది. నలుగురిలో మొగుడి మాట కాదనాలా, లేక లచ్చమ్మని నీళ్లపాలు చెయ్యాలా? అంతలో కారుతోందేమో చూడ్డానికి పడవలు దించే సిమెంటు తొట్టి కనబడింది. మోకాలి లోతు నీళ్లున్నాయి.

"ఏమండీ, ఓసారి ఎక్కి చూపించండి. వాళ్లూ నేర్చుకుంటారు" అన్నాను, ఎంతో వినయంగా.

నీలం పడవని దించగానే దాని అడుగు నేలకి ఆనింది. మా ఆయన సిటీ బస్సెక్కినట్టు అంచు మీద కాలేశారు. పడవ ఒరిగిపోయింది. మా ఆయన ఇస్త్రీ ప్యాంటుతో నీళ్లలో కూర్చున్నారు.

నేను కొంగు దోపి, చదును పడవ దింపించి, నడిమధ్యలో కాలు పెట్టి నిలబడ్డాను. బెత్తెడు మునిగింది, అంతే. ఒరగలేదు.

మా ఆయన మొహం తుడుచుకుని నిజం చెప్పేశారు. "నాకు పడవలు తెలియవు బిక్షమయ్యా. మా ఊళ్లో నేను నీళ్లు చూసింది బిందెల్లోనే. పడవల్లో పెరిగింది ఈవిడ."

బిక్షమయ్య వింటేగా! "ఎంత పెద్ద మనసన్నా నీది! ఏది కొనొద్దో పడి మరీ చూపెట్టినవ్. మళ్ల పేరు వదినకిస్తున్నవ్!"

నేను పళ్లు కొరుక్కున్నాను.

"నువ్వు జర ఊకో" అంది లచ్చమ్మ మొగుడితో. కుంటుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చింది. "అక్కా, ఎక్కేటప్పుడు కుడికాలే ముందర పెట్టాల్నా?"

ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లయింది. పడవ గురించి నన్నొక మనిషి అడగడం ఇదే మొదటిసారి.

"ఏ కాలైనా సరే లచ్చమ్మా, మధ్యలో పెట్టు" అని రెండు చేతులూ చాపాను. ఆవిడ విరిగిన కాలే ముందు పెట్టింది.