గ్రూపు ఫొటోలో లేని మనిషి

వంటింటి కిటికీ గూట్లోంచి పాలడబ్బా, గిన్నెలు తోమే పీచు, ఎవరివో బీపీ మాత్రలు తీసి సింకు కింద దాచేసి, డింప్నా హెరటీ పెళ్ళికూతురి తెల్ల గౌనును తలుపుపైన ఉన్న కొక్కేనికి తగిలించింది. కాస్త వెనక్కి జరిగి కన్ను చికిలించి చూసింది. అద్దంలో కుక్కతోక కనిపిస్తోంది. కుక్కను బయటికి తోలి, మళ్ళీ చూసి, గోడమీద కేలండరు కూడా తీసేసింది. ఫొటోలోకి దొంగచాటుగా చొరబడేది ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

అరవైకి దగ్గర పడుతున్న మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రెండు భుజాలకూ చెరో కెమెరా వేలాడదీసుకుని తిరిగీ తిరిగీ ఎడమ భుజం కిందికి వాలిపోయింది. మోకాళ్ళ దగ్గర జేబులున్న నల్ల ప్యాంటు, చప్పుడు చెయ్యని రబ్బరు చెప్పులు. ఐర్లండులోని లీట్రిమ్ కౌంటీలో ఆ కొండల చుట్టూ ఉన్న ఊళ్ళలో ఆమె తీయని పెళ్ళి లేదు. తల్లుల పెళ్ళిళ్ళు తీసిన చేత్తోనే కూతుళ్ళ పెళ్ళిళ్ళూ తీస్తోంది. అన్ని ఇళ్ళ ఆల్బములూ ఆమె తీసినవే. ఏ ఒక్కదానిలోనూ ఆమె లేదు.

"వానొస్తుందంటావా డింప్నా?" అని అడిగింది పెళ్ళికూతురు ఓర్లా, జడలో పిన్నులు గుచ్చించుకుంటూ. "వాన రాకూడదని మా అమ్మ రాత్రే బాల యేసు బొమ్మని కంచెలో పెట్టింది."

"పెట్టింది సరే, ఏ వైపుకి తిప్పి పెట్టింది?" అంది డింప్నా, ఆకాశం వంక అనుమానంగా చూస్తూ.

ఆ అనుమానం ఆమెకు వృత్తితోపాటే ఒంటబట్టింది. పెళ్ళికొడుకు నవ్వితే ఆ నవ్వు ఎవరికోసమా అని చూస్తుంది. తోడు పెళ్ళికూతురు ఏడిస్తే ఆ ఏడుపు దేనికా అని చూస్తుంది. ఒకప్పుడు పాలకేంద్రంలో పనిచేసే కోమన్ అనే అతను ఆదివారాలు ఆమె ఇంటికి వచ్చేవాడు. మూతపడిన చెప్పుల కొట్టు మీద ఆమెది ఒంటిగది వాటా. పెళ్ళి చేసుకుందామని అడిగాడు. "ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు?" అంది. మొదట నవ్వాడు. ఆమె మళ్ళీ అదే అడిగితే ఆలోచించాడు. ఇంకోసారి అడిగేసరికి కోటు తీసుకుని మెట్లు దిగిపోయాడు. తర్వాత ఎప్పుడో పక్క కౌంటీ కావన్‌లో అతని పెళ్ళి అయిందని విన్నది. ఆ పెళ్ళి ఫొటోలు ఎవరు తీశారో ఆమెకు తెలీదు.

చర్చిలో ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టకముందే పెళ్ళికొడుకు డెక్లన్ తల్లి అసంప్టా వచ్చి డింప్నా మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు లాక్కెళ్ళింది. నీలం టోపీ, నీలం చేతిసంచి, మొహం మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది.

"వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడే, చూశావా? మా బావగారు. ప్యాకీ."

"చూశాను. కూర్చోమంటే కూర్చోలేదు."

"ఎవరూ పిలవలేదు అతన్ని. ఆ బురదనేలలో పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వే దగ్గర గొడవైనప్పట్నుంచీ మా గడప తొక్కలేదు. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఇన్నాళ్ళూ లేనిది ఈరోజే ఎందుకొచ్చినట్టు?"

"గొడవ పెట్టుకోడానికంటావా?"

"అక్షింతలు వెయ్యడానికి మాత్రం కాదు. నలుగురి ముందూ ఏదో ఒకటి అనేసి పోతాడు. నువ్వేం చేస్తావో నాకు తెలీదు డింప్నా, మా ఇంటి ఫొటోలో మాత్రం ఆ మనిషి ఉండకూడదు."

ప్రార్థన జరుగుతుండగా డింప్నా దూరపు లెన్సు పెట్టి వెనక గోడ వైపు చూసింది. డెబ్బై దాటిన మనిషి. మెడ సన్నం, కాలరు వదులు. టై ముడి ఇవాళే నేర్చుకుని వేసుకున్నట్టుంది. కుడిచెయ్యి కోటు జేబులోంచి బయటికి తియ్యటం లేదు. మోకరిల్లినప్పుడూ తియ్యలేదు, శిలువ గుర్తు ఎడమచేత్తో వేసుకున్నాడు. ఆ జేబులో ఏముంది? కోర్టు కాగితమా? సీసానా? డింప్నా లెన్సు ముందు బెంచీకి తిప్పింది. పెళ్ళికొడుకు తండ్రి యూజీన్ మెడ వెనక చెమట పట్టి ఉంది. మాటిమాటికీ తల తిప్పి తలుపు వైపు చూస్తున్నాడు. భయపడుతున్నాడు పాపం అనుకుంది.

చర్చి మెట్లమీద అందరూ ఒకర్నొకరు కౌగిలించుకుంటూ ఉండగా సన్నగా తుంపర మొదలైంది. అప్పుడే ప్యాకీ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మనిషి దగ్గర పొగవాసన, గొర్రెబొచ్చు వాసన.

"అమ్మాయ్, ఇంట్లోవాళ్ళ ఫొటో ఎక్కడ తీస్తావు?"

కొండ మీది పాత మఠం గోడల మధ్య తీయాలని ఆ వారంలోనే చూసి వచ్చింది డింప్నా. "సరస్సు దగ్గర," అంది. "పడవలు కట్టే చోట."

"అంత దూరమా?"

"మీరు పదండి. మేం వెనకాలే వచ్చేస్తాం."

"మంచిదమ్మా," అన్నాడు. కాలరు పైకెత్తుకుని సరస్సు దారి పట్టి నడిచాడు. అంత సులువుగా అబద్ధం చెప్పగలనని ఆమె అనుకోలేదు. అంత సులువుగా అతను నమ్ముతాడనీ అనుకోలేదు. నమ్మినట్టు నటిస్తున్నాడేమోనని, అతను మలుపు తిరిగేదాకా చూసింది.

మఠం గోడల మధ్య గొడుగులు పట్టుకుని రెండు కుటుంబాలూ వరసలు కట్టాయి. వరస కుదిరిన ప్రతిసారీ యూజీన్ అందులోంచి బయటికి వచ్చి కింది రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఇంకొక్క నిమిషం ఆగుదామా?"

"ఎవరికోసం?" అంది అసంప్టా. "పిల్ల గౌను బురదైపోతోంది."

"ఎవరికోసమూ కాదు. ఊరికే."

ఎవరికోసమూ కాకపోతే మనిషి అలా రోడ్డు వంక చూడడు. ఇందులో ఆడమనిషి ఎవరైనా ఉందా అని కూడా డింప్నాకు అనిపించింది. ఈ వయసులోనా? ఏమో, చెప్పలేం. "ఇటు చూడండి యూజీన్," అని కేకేసింది. చూశాడు. మీట నొక్కేసరికి కళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి పోయాయి. వాన పెద్దదైంది. అందరూ కార్లలోకి పరిగెత్తారు.

హోటల్లో భోజనాలు మొదలయ్యాక డింప్నా కెమెరాలు తుడుచుకోడానికి బయటి హాల్లోకి వచ్చింది. అక్కడ పొయ్యి పక్కన వాలుకుర్చీలో ప్యాకీ కూర్చుని ఉన్నాడు. జుట్టు నెత్తికి అతుక్కుపోయింది. కోటు అంచుల్లోంచి నీళ్ళు తివాచీ మీద కారుతున్నాయి. కౌంటరు దగ్గరుండే అమ్మాయి బ్రోనా, మోకాళ్ళ మీద కూర్చుని అతని బూట్ల తాళ్ళు విప్పుతోంది.

"ఎంతసేపు నిలబడ్డారు తాతా అక్కడ? పిచ్చా మీకు?"

"బాతులున్నాయిలే, తోడుకి," అన్నాడతను.

బ్రోనా బూట్లు పొయ్యి ముందు పెట్టి, టీ కప్పు చేతికిచ్చింది. అప్పుడు జేబులోంచి వచ్చింది కుడిచెయ్యి. అందులో ఏమీ లేదు. చెయ్యి గడగడ వణుకుతోంది, అంతే. కప్పు సాసరు మీద టకటకలాడింది. నలుగురిలో కనిపించకుండా జేబులో దాచుకున్నాడన్నమాట.

డింప్నాను చూసి నవ్వాడు. "చోటు మార్చారా?"

"వాన..." అంది డింప్నా.

"అవున్లే. ఆ వానలో పెళ్ళికూతుర్ని నీళ్ళ ఒడ్డున ఎలా నిలబెడతారు? నాకే తట్టలేదు."

అతని మొహంలో వెతికింది. ఎత్తిపొడుపు లేదు. కోపం దాచుకున్న జాడా లేదు. అంత ఖాళీగా, నిజంగా ఉన్న మొహాన్ని ఆమె లెన్సులోంచి కూడా ఎక్కువసార్లు చూడలేదు.

"మీరెందుకొచ్చారు ప్యాకీ గారూ?"

"మావాడు ఫోన్ చేశాడమ్మా. యూజీన్. 'ఫొటో టైముకి వచ్చి నా పక్కన నిలబడు. నిలబడ్డాక నలుగురి ముందూ అసంప్టా కాదనలేదు' అన్నాడు. చిన్నప్పట్నుంచీ వాడంతే. ఎదురుగా చెప్పలేడు, చాటుగా చేస్తాడు." నవ్వబోయి దగ్గాడు. "నాకూ ఒంట్లో బాగుండట్లేదు. పోనీలే, వెళ్దాం అనుకున్నా."

డింప్నా భోజనాల హాల్లోకి నడిచి యూజీన్ చెవిలో చెప్పింది. అతను లేచిన విసురుకు సూపు గిన్నె బల్ల గుడ్డ మీద ఒలికింది.

అన్నదమ్ములు పొయ్యి దగ్గర ఎదురుపడ్డారు. కౌగిలింతలూ కన్నీళ్ళూ లేవు. యూజీన్ చేతులు ఏం చెయ్యాలో తెలీక వెనక్కి కట్టుకున్నాడు.

"వచ్చావా."

"వచ్చాను."

"తడిసిపోయావన్నయ్యా."

"ఆరుతుందిలే." ప్యాకీ అడిగాడు. "ఎర్రావు ఈనిందా?"

"ఈనింది. పెయ్యదూడ."

"మంచిది. దాని తల్లి కూడా మంచి ఆవు."

డింప్నా కెమెరా ఎత్తింది. ప్యాకీ చప్పున జుట్టు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆగమ్మా తల్లీ, ఈ అవతారంలోనా! తల ఆరనీ. కాళ్ళకి బూట్లు కూడా లేవు."

లోపలి నుంచి ఎవరో కేకేశారు. ప్రసంగాలు మొదలవుతున్నాయి, పెళ్ళికొడుకు తండ్రి రావాలి.

"నాలుగు మాటలు చెప్పేసి వచ్చేస్తా. కదలకు," అన్నాడు యూజీన్.

"ఎక్కడికి పోతాన్రా, మేజోళ్ళతో?"

యూజీన్ చేతిలో రాసుకొచ్చిన కాగితం ఉంది. కొంత చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా అన్నయ్య బయట పొయ్యి దగ్గర కూర్చున్నాడు," అన్నాడు. "నేనే పిలిచాను. ఇంట్లో చెప్పే ధైర్యం లేక చెప్పలేదు." డింప్నా కెమెరా అసంప్టా వైపు తిరిగింది. ఉరుము ఉరుముతుందని ఎదురుచూసింది. అసంప్టా బల్ల గుడ్డ అంచును చాలాసేపు సర్దింది. తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, వడ్డన చేసే పిల్ల చేతిలోంచి పళ్ళెం అందుకుంది.

"ఆ మనిషి బంగాళాదుంపల్లేకుండా తినడు," అని గొణుక్కుంటూ నింపి, తనే తీసుకెళ్ళింది. డింప్నా వెనకాల నడిచింది.

ప్యాకీ తల కుర్చీ అంచుకు వాల్చి ఉన్నాడు. జుట్టు ఆరి, తెల్లగా దూదిలా లేచింది. మంట వెలుగు బుగ్గ మీద ఆడుతోంది.

"నిద్రపోయాడు," అంది అసంప్టా గొంతు తగ్గించి. "ఇలాగే తియ్యి ఒకటి. లేచాడంటే మూతి ముడుస్తాడు."

నిద్రపోయే పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసేటప్పుడు డింప్నా వాళ్ళ ఊపిరి కోసం ఆగుతుంది. ఛాతీ పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ లేవబోయే ముందు ఒక్క క్షణం నిలకడగా ఉంటుంది, అప్పుడు నొక్కుతుంది. కెమెరా కంటికి ఆనించి ఆగింది. ఆగింది. చెయ్యి బరువెక్కేదాకా ఆగింది. కెమెరా కిందికి దించింది.

"అసంప్టా," అంది. "ఆ పళ్ళెం కింద పెట్టు."

పెళ్ళివాళ్ళలో ఒక డాక్టరు ఉన్నాడు. చెయ్యి పట్టుకుని చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. ఫాదర్ వచ్చి నుదుటి మీద తైలం రాశాడు. ఓర్లా గౌను కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ ఉదయం దాకా మొహమైనా తెలియని పెదమామగారి పక్కన మోకరిల్లింది. వాద్యాలవాళ్ళు తీగలు సవరించడం ఆపేశారు. యూజీన్ నేల మీద కూర్చుని అన్న పాదాలకున్న తడి మేజోళ్ళు విప్పి, చేత్తో రుద్దుతున్నాడు.

డింప్నా అతని పక్కన వంగింది. "సరస్సు దగ్గరికి నేనే పంపాను. ఫొటో అక్కడని అబద్ధం చెప్పి పంపాను."

యూజీన్ తలెత్తాడు. "ఎందుకు?"

అసంప్టా తివాచీ వంక చూస్తోంది. డింప్నా ఆమె పేరు ఎత్తలేదు. "గొడవకి వచ్చాడనుకున్నాను," అంది.

అతను మళ్ళీ పాదాలు రుద్దసాగాడు. "మా రోజంతా తియ్యడానికి వచ్చావు కదా నువ్వు," అన్నాడు మెల్లగా. "ఇది కూడా ఉంచుకో." తిట్టాడో ఓదార్చాడో ఆమెకు తెలియలేదు. ఈసారి అతని మొహంలో వెతకలేదు.

వెలుగుండగానే పక్క తలుపులోంచి అతన్ని తీసుకెళ్ళారు. యూజీన్, అసంప్టా చెరోవైపు నడిచారు. జనమంతా వాళ్ళ వెంట వానలోకి వెళ్ళాక హాల్లో డింప్నా ఒక్కతే మిగిలింది. పొయ్యి ముందు ప్యాకీ బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. బ్రోనా అంతకుముందే వాటి లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు చేసి కుక్కింది. తాళ్ళు విప్పి, నాలుకలు బయటికి లాగి, మంట వైపు తిప్పి పెట్టింది. వాటిలోంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది.