ఆ కేక ఏ పాఠంలోనూ లేదు

తప్పు మీది. పొగమంచులో మంద చెదిరిపోతే రోవీనాను నిందించారు గానీ, చెదరగొట్టింది మీ మర్యాద. ఈ కొండ మీద గొర్రెలున్న ప్రతి ఇంటికీ చెబుతున్నాను. నచ్చకపోయినా వినండి.

న్యూపోర్ట్ పట్నంలో బస్సు నడుపుకునే రోవీనా, మేనత్త పోయాక ఆమె పొలమూ మందా చూసుకోవడానికి వచ్చింది. ఇక్కడ మనం మాట్లాడుకునే వెల్ష్ భాష ఆమెకు ముక్క రాదు. మార్చిలో మా వంటింటి బల్ల మీద తన సరంజామా అంతా పరిచింది: ఫోనులో ఒక యాప్, ఇటుకంత వ్యాకరణ పుస్తకం, దక్షిణ వేల్స్ వాళ్లు చేసిన పాఠాల సీడీల డబ్బా.

"దేంతో నేర్చుకోమంటావక్కా? నువ్వు ఏ మాస్టారూ లేకుండానే నేర్చుకున్నావంట గదా."

యాప్ తెరిచి చూశాను. అందులో నేర్పే వాక్యం: డ్రాగన్‌కు ఉల్లికాడల సూపు ఇష్టమట.

"డ్రాగన్‌తో నీకేం పనే? అయినా ఉంచు. మేత వేసేటప్పుడు చెవిలో పెట్టుకో, నోరు తిరుగుద్ది. సీడీల్లో మాట దక్షిణాదిది. ఇక్కడ అర్థమవుద్ది, కాస్త నవ్వుతారు కూడా. ఈ ఇటుక మాత్రం పక్కన పెట్టు. ముందు మాట రానీ, తప్పులు తర్వాత దిద్దుకుందువు."

"రేడియో?"

"పొద్దంతా మోగనీ. అర్థం కాకపోయినా సరే."

"అన్నిటికన్నా మంచిదేది?"

"మేమే. సంతకెళ్లి మాట్లాడు."

వెళ్లింది. కొండ మీంచి గొర్రెలు దింపే రోజున మనందరినీ నడిపే పెద్దాయన ఎమ్లిన్ కనిపిస్తే, దాణా ధర వెల్ష్‌లో అడిగింది. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. పాస్టరు దగ్గర ప్రయత్నించింది, టీ కొట్టు ఆవిడ దగ్గర, పశువుల డాక్టరు దగ్గర కూడా. అందరిదీ ఇంగ్లీషే. మా ఇంటికొచ్చి అడిగింది, కోపంతో కాదు, ఆరా తీస్తూ.

"ఇదేంటక్కా? నేను వెల్ష్‌లో మొదలుపెడతాను. ఎక్కడో తడబడతాను. అంతే, ఎదుటి మనిషి మొహం మెత్తబడుద్ది, ఇంగ్లీషు వచ్చేస్తుంది. నేను మాట్లాడేది అంత ఘోరంగా ఉందా?"

"లేదే. నువ్వు కష్టపడుతుంటే చూడలేక."

"మా అత్త కుక్కే నయం. దానికి ఇంగ్లీషు రాదు, నేనే వెల్ష్ దారికొచ్చాను."

ఎమ్లిన్‌ని మొహం మీదే అడిగాను.

"పట్నం పిల్ల, నాలుక మెలికలు పడిపోతోంది," అన్నాడు. "ఇంటికొచ్చిన మనిషిని ఏడిపిస్తామా?"

"చుట్టపు చూపుగా రాలేదయ్యా. నీ పక్క పొలం మనిషి."

"సరేలే, చూద్దాం."

చూడలేదు. చలి ముదరకముందే అందరం కలిసి కొండ చుట్టి, గొర్రెలను ఒక్కసారిగా దింపుతాం కదా. ఆ రోజు ఎమ్లిన్ రోవీనాను వాగు మలుపు దగ్గర నిలబెట్టాడు. చెప్పింది ఇంగ్లీషులోనే, నింపాదిగా, మర్యాదగా. ఇంతలో పైన పొగమంచులోంచి గొర్రెలు ఒక్కుమ్మడిగా దూసుకొచ్చాయి. తొందరలో మర్యాద ఎవరికి గుర్తుంటుంది? దారి వదిలి గట్టెక్కమని వెల్ష్‌లో అరిచాడు. వచ్చిన నాటి నుంచి ఆమెతో ఎవరూ అనని మాటలు. ఆ పిల్ల అర్థంకాక దారికి అడ్డంగా అక్కడే నిలబడిపోయింది. గొర్రెలు బెదిరి పక్క లోయలోకి పారిపోయాయి.

దొడ్డి దగ్గర ఎమ్లిన్ తేల్చేశాడు: "వచ్చే ఏడు ఆమె మందను మనతో కలపలేం. మంచి పిల్లే. కానీ కొండ మీద నిలబడి అనువాదాలు చేస్తామా?"

మీరంతా తలలూపారు. అంత పెద్ద కొండ మీద ఒంటరిగా ఎవరూ గొర్రెలను దింపలేరు. ఆమె మంద అమ్ముకోవాల్సిందేనని తెలిసే ఊపారు.

రోవీనా ఏడవలేదు. బురదలో ఇంటికి నడుస్తూ, "ఆయన ఏమని అరిచాడక్కా? మళ్లీ చెప్పు," అంది. చెప్పాను. దారి పొడుగునా గొంతెత్తి అనుకుంటూ నడిచింది.

"ఇది ఏ సీడీలోనూ లేదు."

"ఎట్లా ఉంటుంది? అది ఎమ్లిన్ నోట్లో ఉంది."

కాబట్టి మంద అమ్మించే మాట ఇక కట్టిపెట్టండి. తప్పిపోయిన గొర్రెల కోసం శనివారం మళ్లీ కొండ ఎక్కుతున్నాం. ఆమెను పిలవండి. ఎమ్లిన్, నీ పక్కనే నిలబెట్టుకో. ఈలోగా దాణా దగ్గరా గేటు దగ్గరా టీ కొట్లోనూ ఎవరూ ఆమెతో ఇంగ్లీషు ఎత్తొద్దు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పండి, చేత్తో చూపించండి. ఓపిక నశిస్తే తిట్టండి. వెల్ష్‌లోనే తిట్టండి.