స్టీలు టోపీ

పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుందని మా అత్త సోమమ్మ నాలుగు రోజులు లవంగం పెట్టి నెట్టుకొచ్చింది. నా ఆరేళ్ల కూతురు హారిక ఎడమ చెంప దిండుకు ఆనించలేక ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఐదో రోజు ఇద్దరినీ బస్సెక్కించి హుజూర్‌నగర్‌లో పళ్ల దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు పన్ను పీకలేదు. మత్తు సూది ఇచ్చి, లోపల కుళ్లిన నరం తీసి, మందు నింపి, పైన స్టీలు టోపీ తొడిగాడు.

"గీ దవడ పన్ను ఇంకో ఐదేండ్లు ఉండాలె. దీని కిందనే కొత్తది తయారైతాంది," అన్నాడు.

అత్త ముఖం మాడిపోయింది. "పెండ్లినాటికి గూడ గీ స్టీలు గిట్లనే ఉంటదా సారూ?"

"లేదవ్వా, పన్నుతోపాటే ఊడుతది."

అత్త గట్టిగా ఊపిరి వదిలింది. "ఊడినంక పేడల వెట్టి ఇంటి మీదికి ఇసురుతం గద, అప్పుడు టోపీ తియ్యాల్నా?"

డాక్టరు పడీపడీ నవ్వాడు. నా కోపం ఎటు పోయిందో, నేనూ నవ్వాను.

తిరుగు బస్సు గుంటల్లో ఎగిరెగిరి పడుతున్నా హారిక లేవలేదు. అత్త ఒళ్లో ఆ ఎడమ చెంపే ఆనించి నిద్రపోయింది.