సవతి బిళ్ల

"నాకు రెండు గావాలె వకీల్ సాబ్. పిల్ల నా దగ్గరుండాలె. ఇది నా మెడల నుంచి పోవాలె."

రాజమణి నా గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అన్న మొదటి మాట అది. వెనకాల ఆమె అన్న ఓదెలు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందది?" అన్నాను.

"నా సవతి."

పుస్తె పక్కన నల్లదారానికి చిన్న వెండి బిళ్ల వేలాడుతోంది. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. కళ్లూ ముక్కూ అరిగిపోయి, కొప్పు మాత్రం మిగిలింది. రాజమణి దాన్ని ఒంటికి తగలకుండా వేలితో ఎత్తి పట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నవ్వు తొందరగా వచ్చేది. హైదరాబాదు అదాలత్‌లో ఉర్దూలో వాదించి, ఇంటికొచ్చి తెలుగులో తిట్టుకునే చిన్న వకీలును నేను. భూముల దావాలు పెద్ద వకీళ్ల బంగళాలకు పోయేవి. ఛత్రినాక, ఉప్పుగూడల మొగుడూపెళ్లాల లొల్లి మాత్రం తిన్నగా నా అరుగెక్కేది. పిల్లలు ఎవరికి అన్న దగ్గర అందరూ ఏడుస్తారు, బర్రెలు ఎవరికి అన్న దగ్గర అందరూ అరుస్తారు. నా వకాల్తా జీవితంలో నేర్చుకున్నది ఇంతే.

వాళ్ల కులంలో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే, పోయినామె పేర బిళ్ల చేయించి కొత్త పెళ్లికూతురి మెడలో కడతారు. కొత్త చీర కట్టినా, ముద్ద నోట పెట్టినా ముందు బిళ్లకు తాకించాలి. పోయినామెకు ఈర్ష్య పుట్టకుండా ఈ మర్యాద. బతికున్న సవతితోనే పడలేం, చచ్చినదానితో పడమంటే ఎట్లా అని ఎవరూ అడగరు.

రాజమణి మొగుడు బాలనర్సింహ బార్కస్‌లో అరబ్బుల ఇళ్లకు పాలు పోసేవాడు. మొదటి భార్య కొమురమ్మ ఆడపిల్లను కని, పురిటి మంచం మీదే పోయింది. ఆ పసిగుడ్డును సాకడానికే రాజమణిని తెచ్చుకున్నాడు. పిల్ల కమలకు ఆరేళ్లు వచ్చాయి. రాజమణికి కడుపు పండలేదు. దాంతో ఆమెను వదిలేసి మూడో పెళ్లికి సిద్ధమయ్యాడు.

"వాడు పోతె పోనీ సాబ్, వాని ఫికర్ లేదు నాకు. కమలను ఇడిశి పొమ్మంటున్నడు. కొత్తామె వస్తె పిల్ల పెండకాడనే పెరుగుతది" అన్నది రాజమణి.

ఉన్న చట్టం చెప్పాను. కన్నతండ్రి బతికుండగా సవతి తల్లికి పిల్ల మీద హక్కు లేదు. అదాలత్‌కు పోతే తిరగడమే తప్ప పిల్ల దక్కదు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "పోనీ ఇదన్న తీపియ్యి."

"దారం తెంపి పారెయ్. దానికి వకీలెందుకు?"

ఓదెలు గాభరాగా ముందుకొచ్చాడు. "మేం తెంపొద్దు సాబ్. ఎవని పెండ్లామో వాడే చేత్తోని తీస్కోవాలె. గట్లయితెనే ఆమె వాని ఇంటికి మర్లుతది."

"ఇంతకూ ఆమె ఏం చేస్తదమ్మా నిన్ను?" అని వేళాకోళంగా అడిగాను.

రాజమణి వేళాకోళాన్ని పట్టించుకోలేదు. "కమల అమ్మా అని పిలుస్తది సాబ్. నేను ఓ అనేటాల్లకే నా మెడకాడ ఎవలో ఓ అంటరు. ఓపారి కొట్టనీకి చెయ్యెత్తిన. దారం గట్టిగ పట్టింది, ఊపిరాడలే. పిల్ల పిలిచేది నన్నా ఆమెనా, ఇప్పటిదాంక నాకు ఎరుకలేదు."

నా నవ్వు సగంలో ఆగింది. దయ్యానికి భయపడి కాదు. ఆ చివరి మాటకు.

"నీ మొగుడు దాన్ని ఎన్నడన్న ముట్టిండా?"

"లేదు. పెండ్లినాడు ఆయన కట్టాల్సింది, మా అత్త కట్టింది. ఆయన ఇది చూస్తెనే మొకం తిప్పుకుంటడు."

కారణం వాళ్ల గల్లీ అంతటికీ తెలుసు. కొమురమ్మ నొప్పులు పడుతూ మంత్రసానిని పిలవమని ఏడుస్తుంటే, దొడ్డిలో బర్రె ఈనుతోందని బాలనర్సింహ దాని దగ్గరే కూర్చున్నాడు. బర్రె బతికింది, దూడా బతికింది. తల్లి చచ్చి పిల్ల బయటపడింది.

వకీలు బుర్రకు వంకర తోవలు ఇట్టే దొరుకుతాయి. నాకూ ఒకటి దొరికింది.

"రాజమణీ, పిల్ల దక్కాలంటే ఒక ఉపాయముంది. అయితే రెండూ దొరకవు. పిల్ల నీకుంటే ఆమె గూడ నీకే ఉంటది, నువ్వు బతికినన్నాళ్లు. ఆలోచించుకో."

ఆమె బిళ్లను అట్లాగే ఎత్తి పట్టుకుని అరుగు దిగిపోయింది.

విడాకుల పంచాయితీ ఆ ఆదివారం పొద్దున, ఛత్రినాకలో కులపెద్ద శివయ్య దొడ్డిలో జరిగింది. షేర్వాణీ తొడుక్కుని పోయి నులకమంచం మీద కూర్చున్నాను. బాలనర్సింహ పక్కన కొత్త పెళ్లికూతురి తండ్రి మొగులయ్య మీసం దువ్వుకుంటున్నాడు. కమల గడప మీద కూర్చుని అందరినీ చూస్తోంది. మూలన కట్టేసిన ఒక చూడి బర్రె నిలవలేక కాళ్లు మారుస్తోంది.

చొప్పపుల్లను మధ్యకు విరిచి చెరో ముక్కా పారేస్తే వాళ్లలో విడాకులు అయినట్టే. అంతకు ముందు పెళ్లాం ఒంటి మీదున్న అత్తింటి సొమ్మంతా మొగుడు స్వయంగా చేత్తో తీసుకోవాలి. రాజమణి కడియాలు తీసింది, మట్టెలు తీసింది, పుస్తె తీసింది. బాలనర్సింహ అన్నీ తీసుకుని రుమాలులో వేసుకున్నాడు. మెడలో ఇక బిళ్ల ఒక్కటే మిగిలింది. ఆమె తల వంచి మెడ ముందుకు చాపింది.

బాలనర్సింహ చెయ్యి సగం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మూలనున్న బర్రె గొంతు లోపలి నుంచి మూలిగింది. చెయ్యి వెనక్కి పోయింది.

"నువ్వే తీసి ఆడ పెట్టు" అన్నాడు రాజమణితో.

"నేను తియ్యరాదు" అన్నదామె.

మొగులయ్య మీసం వదిలేశాడు. "రేపు నా బిడ్డ మెడల కట్టాలె గద దాన్ని? ఇప్పుడు ముట్టనోనివి అప్పుడెట్ల ముడ్తవ్ భాయ్?"

అందరూ బాలనర్సింహనే చూస్తున్నారు. అతను బర్రె వైపు చూశాడు. "ఆమెకాన్నే ఉండనీ. నాకొద్దు" అన్నాడు.

ఆ మాట కోసమే నేను కాచుకున్నాను. లేచి నిలబడ్డాను. "పెద్దమనుషులు ఇన్నరు గద! కొమురమ్మ నాకొద్దని ఈయనే అన్నడు. అంటే కొమురమ్మ ఇయ్యాల రాజమణితోని పోతాంది. తల్లి పోయే ఇంటికి గాక పిల్ల ఇంకే ఇంటికి పోవాలె?"

అదాలత్‌లో ఈ వాదన చేస్తే జడ్జి సాబ్ నన్ను బంట్రోతు చేత బయటికి పంపించేవాడు. ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. శివయ్య గడ్డం నిమురుకుంటూ రాజమణి వైపు తిరిగాడు.

"మాట నాయమే ఉంది. కాని చూస్కొని చెప్పు బిడ్డా. ఆమెను నువ్వు తీస్కపోతె మల్ల మర్లియ్యనీకి లేదు. ఇంకో మనువు చేస్కున్నా ఆమె నీతోనే, మన్నుల కలిసిననాడు గూడ నీతోనే. వద్దంటవా, ఇప్పుడే వాని చెయ్యి పట్టి తీపిస్త. పిల్లను ఇడిశి సల్లగ పో."

రాజమణి ముఖంలో భయం నాకు స్పష్టంగా కనబడింది. అంతవరకూ నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. ఒకరి బతుకును ఇట్లా ముడివేశానేమిటని ఆ క్షణంలో సిగ్గేసింది.

"అమ్మా, పోదమా?" అన్నది గడప మీది నుంచి కమల.

రాజమణి పెదవి విప్పి, మళ్లీ మూసుకుంది. పక్క మనిషి మాట్లాడితే చూసినట్టు తన మెడ వైపు చూసుకుంది. నేను దగ్గరలోనే ఉన్నాను. ఒట్టు, నాకేమీ వినబడలేదు.

"ఉంచుకుంట" అన్నదామె. "ఇద్దర్ని."

పుల్ల విరిగింది. బాలనర్సింహ తన ముక్కను పారేసి, ఎవరి ముఖమూ చూడకుండా తిన్నగా బర్రె దగ్గరికి పోయాడు.

ఓదెలు ఇల్లున్న ఉప్పుగూడ వైపే మా ఇల్లూ కావడంతో వాళ్లతో కలిసి నడిచాను. ఓదెలు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు పోతున్నాడు. ఎండకు సొలసిన కమల రాజమణి భుజం మీద నిద్రపోయింది.

"గెలిచినవ్ గద" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"గెలిచిన సాబ్." గొంతులో సంతోషం లేదు. "ఇగ ఆమె చెయ్యి నా మెడ మీదికెల్లి తియ్యది."

రైలు గేటు దగ్గర ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చెయ్యి ఎదురురొమ్ము మీద వేసి తడుముకుంది.

"లేదు సాబ్. బరువు లేదు. ఏడనో పడ్డది."

ఇన్నేళ్లూ పోతే బాగుండని ఏడ్చిన మనిషి వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. "అక్కా! అక్కా!" అని అరిచింది. అంతవరకూ ఆమె నోట ఆ పిలుపు నేను వినలేదు. బండ్లవాళ్లు ఆగి చూశారు. ఓదెలు పెట్టె దించాడు. షేర్వాణీ దుమ్ము కొట్టుకుపోతున్నా నేనూ వంగి బాట అంతా వెతికాను. దొరక్కపోతే ఏమవుతుందోనని నాకూ భయమేసింది.

తలెత్తితే కనబడింది. దారం తెగలేదు. రాజమణి భుజం మీదుగా వెనక్కి లాగి ఉంది. నిద్రలోనే కమల బిళ్లను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"పరేషాన్ గాకు. ఈడ్నే ఉంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

రాజమణి అక్కడే, రోడ్డు పక్కన, మట్టిలో కూలబడి ఏడ్చింది. ఆ కుదుపుకు పిల్ల మేలుకుంది.

"అమ్మా" అన్నది.

రాజమణి వెంటనే పలకలేదు. పిల్ల గుప్పిట వైపు చూస్తూ, పెద్దవాళ్లు ముందు మాట్లాడాలని చిన్నవాళ్లు ఆగినట్టు ఆగింది. అబద్ధం చెప్పను, నేనూ ఆగాను.

ఆ తరువాత మెల్లగా, "ఓ బిడ్డా" అన్నది.